ఆ 4.8 ఎవరిచ్చారు?

విజయవాడ సూర్యారావుపేటలో పంటి డాక్టరు కోసం ఫోనులో వెతికితే తెర నిండా క్లినిక్కుల పేర్లు వస్తాయి. అయిదు స్టార్లకు ఒకదానికి 4.8, ఇంకోదానికి 4.9, ఆ కిందదానికి 4.7. గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్లు వెతికినా, బ్రాడీపేటలో లేడీస్ హాస్టళ్లు వెతికినా ఇంచుమించు ఇదే వరస. అన్నీ అంత మంచివే అయితే ఎందులోకైనా కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు. అలా కాదని ఈ రెండు ఊళ్లలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలిసినా, కొత్త చోటికి వెళ్లాల్సి వస్తే చెయ్యి ముందు ఫోను మీదికే పోతుంది.

దాన్ని తప్పు పట్టడానికీ లేదు. ఒకప్పుడు డాక్టరు కావాలన్నా, మెకానిక్కు కావాలన్నా తెలిసినవాళ్లను అడిగేవాళ్లు. ఇప్పుడు పిల్లల చదువుల కోసం, ఉద్యోగాల కోసం, వైద్యం కోసం పల్నాడు నుంచో, ప్రకాశం నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి దిగినవాళ్లకు ఇక్కడ అడగడానికి మనిషి ఉండడు. మంచం మీద ఉన్న తండ్రిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో తెలియని మనిషికి ఆ స్టార్లే దిక్కు. రివ్యూల గురించి జాగ్రత్తగా ఆలోచించాల్సింది వాళ్లను తలుచుకునే. ఇడ్లీ బాగా లేకపోతే పోయేది యాభై రూపాయలు. ఆస్పత్రి విషయంలో లెక్క వేరు.

రివ్యూలన్నీ అబద్ధాలే అని కొట్టిపారేయడం తేలిక, కానీ అది నిజం కాదు. రివ్యూ అంటే ఒక సాక్ష్యం. తగవులో పెద్దమనుషులు సాక్షిని ఏమడుగుతారు? నువ్వు అక్కడ ఉన్నావా, నీ కళ్లతో ఏం చూశావు, నీకు ఇందులో లాభం ఉందా అని. ఫోనులో కనిపించే రాతను కూడా ఆ మూడు ప్రశ్నలూ అడగొచ్చు. వాటిలో అందరూ మర్చిపోయేది రెండోది. రాసినవాడు నిజాయితీపరుడే అయినా, తను చెబుతున్న సంగతి అతనికి తెలిసే వీలుందా?

రాసేది ఎవరు

మామూలుగా భోంచేసి, మామూలుగా బిల్లు కట్టి వెళ్లినవాళ్లు రివ్యూ రాయరు. బాగా సంతోషపడ్డవాళ్లు రాస్తారు, లేదా బాగా మండినవాళ్లు రాస్తారు. నాన్ హు, జీ జాంగ్, పాల్ పావ్లూ అనే పరిశోధకులు అమెజాన్ రేటింగులను చూసి 2009లోనే ఈ సంగతి చెప్పారు. అయిదు స్టార్ల దగ్గర పెద్ద కుప్ప, ఒక స్టార్ దగ్గర చిన్న కుప్ప, మధ్యలో దాదాపు ఖాళీ. గ్రాఫు గీస్తే ఇంగ్లీషు జె అక్షరంలా వస్తుంది. కాబట్టి సగటు చూసి "సగటు కస్టమర్‌కి ఇలా అనిపించింది" అనుకోవడానికి లేదు. ఆ సగటు కస్టమర్ అసలు రాయనే లేదు.

మన ఊళ్లలో దీనికి మొహమాటం తోడవుతుంది. కౌంటరు మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. బిల్లు కడుతుంటే కుర్రాడు పక్కనే నిలబడి "సార్, ఒక్క ఫైవ్ స్టార్ కొట్టండి సార్" అంటాడు. అన్నం వడ్డించిన పిల్లాడు ఎదురుగా నిలబడి చూస్తుంటే మూడు స్టార్లు నొక్కే మనిషి ఎంతమంది ఉంటారు? ఆస్పత్రుల్లో ఇది ఇంకాస్త ఇబ్బందిగా ఉంటుంది. డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చేటప్పుడే సిస్టరో, రిసెప్షన్‌లో అమ్మాయో రివ్యూ పెట్టమని అడుగుతారు. కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ వారానికి ఆ డాక్టరు దగ్గరికే రావాలి. అక్కడ అయిదు కాకుండా ఇంకేం పెడతారు? ఆ రివ్యూ రాసింది నిజమైన పేషెంటే, వైద్యం జరిగిందీ నిజమే. కానీ అది మనసులో మాట అని చెప్పలేం.

షోరూముల్లో ఇంకో పద్ధతి. చీరలు చూపించిన అమ్మాయి పేరో, బండి అమ్మిన కుర్రాడి పేరో రివ్యూలో రాయమంటారు. పేరుతో వచ్చిన రివ్యూలను బట్టి స్టాఫ్ పనితనం లెక్కగట్టే చోట్లు ఉంటాయి. అందుకే కొన్ని షాపుల కింద "ఫలానా గారు బాగా రిసీవ్ చేసుకున్నారు, థాంక్యూ ఫలానా గారు" అనే రాతలు వరసగా ఉంటాయి. అందులో సరుకు గురించి, ధర గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ అమ్మాయి ఉద్యోగం గురించి మనసులో కాస్త జాలి పడొచ్చు గానీ, ఆ రాతలను చీర నాణ్యతకు సాక్ష్యంగా తీసుకోలేం.

డబ్బో, డిస్కౌంటో, ఫ్రీ ఐస్‌క్రీమో ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నిబంధనల ప్రకారం కుదరదు. మెచ్చుకునేవాళ్లను మాత్రమే ఏరి రాయమని అడగడం కూడా కుదరదు. "బాగుంటే గూగుల్‌లో పెట్టండి, బాగా లేకపోతే మాకు చెప్పండి" అని బోర్డు రాసి పెట్టుకునేవాళ్లలో చాలామందికి అది నిబంధనకు విరుద్ధమని తెలియదు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ దానివల్ల ఫిర్యాదులు గోడల మధ్యే ఆగిపోయి, పొగడ్తలు మాత్రం బయటికి వస్తాయి.

అచ్చంగా దొంగవి

మొహమాటం రివ్యూలు ఒక రకం. అసలు ఆ గుమ్మం తొక్కనివాళ్లు రాసేవి ఇంకో రకం. గూగుల్ 2023లో నిబంధనలకు విరుద్ధమైన రివ్యూలు 17 కోట్లకు పైగా తీసేశామని తనే ప్రకటించింది. తీసేసినవే అన్ని ఉంటే, వలలో పడనివి ఎన్ని ఉంటాయో ఎవరి ఊహకు వాళ్లదే.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే గుర్తుపట్టడం తేలికవుతుంది. ఒక దారి, ప్యాకేజీల కింద రివ్యూలు అమ్మేవాళ్లు. ఇంకో దారి మన ఇళ్లలోకే వచ్చింది. "ఇంట్లో కూర్చుని రోజుకు వేలు సంపాదించండి, గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. మొదట రేటింగ్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపితే నిజంగానే చిన్న మొత్తం ఖాతాలో పడుతుంది. నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులోకి చేర్చి, "ప్రీపెయిడ్ టాస్క్" పేరుతో ముందు డబ్బు కట్టమంటారు. కట్టిన డబ్బు తెర మీద పెరుగుతూ కనిపిస్తుంది, బయటికి మాత్రం రాదు. ఇంటి పని ముగించుకుని ఏదో సంపాదిద్దామనుకున్న గృహిణులు, ఉద్యోగం కోసం చూస్తున్న డిగ్రీ పిల్లలు ఇందులో లక్షలు పోగొట్టుకున్నారు. ఎవరైనా ఇరుక్కుంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాల్లో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

ఆ మోసంలో మిగిలిపోయే ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. బాధితులు పెట్టిన ఆ అయిదు స్టార్లు అలాగే ఉండిపోతాయి. అందుకే రివ్యూ రాసినవాళ్ల పేరు మీద నొక్కి చూడటం మంచి అలవాటు. ఒకే రోజు జైపూర్‌లో రిసార్టు, కొచ్చిలో దంత వైద్యశాల, గుంటూరు లక్ష్మీపురంలో బ్యూటీ పార్లరు, మూడింటికీ అయిదేసి స్టార్లు కనిపిస్తే ఆ మనిషి మూడు చోట్లకీ వెళ్లాడని నమ్మక్కర్లేదు. అలా కాకుండా ఇంకో ప్రొఫైల్‌లో అరండల్‌పేటలో కర్రీ పాయింటు, పట్నం బజారులో కిరాణా హోల్‌సేలు, ఆటోనగర్‌లో టైర్ల షాపు, వాటికి ఒకచోట నాలుగు, ఒకచోట రెండు, ఒకచోట అయిదు ఉంటే అది ఇక్కడ తిరిగే మనిషి రాత. కొందరు తమ ప్రొఫైల్ కనిపించకుండా పెట్టుకుంటారు, అంతమాత్రాన దాన్ని దొంగ ఖాతాగా లెక్కెయ్యకూడదు. ఒక్కటే రివ్యూ ఉన్న ఖాతా కూడా అంతే. జీవితంలో ఒకసారి ఒళ్లు మండి రాసినవాళ్లు బోలెడంతమంది. ఒక్కటే రివ్యూ ఉన్న ఖాతాలు ఒకే వారంలో ఇరవై వస్తేనే అనుమానించాలి.

లెక్క కూడా ఒకసారి చూడాలి. 40 రివ్యూలతో 3.8 ఉన్న క్లినిక్కు 30 దొంగ ఫైవ్ స్టార్లు కొనుక్కుంటే రేటింగ్ 4.3కి చేరుతుంది. అవే 30ని 4000 రివ్యూలున్న హోటల్‌కు పెడితే 3.8 కాస్తా 3.81 అవుతుంది, అంటే కదలదు. రివ్యూలు తక్కువ ఉన్నచోటే దొంగవాటికి బలం. కొత్త క్లినిక్కులు, చిన్న లాడ్జీలు, ప్లే స్కూళ్లు, పెళ్లి కేటరింగ్‌వాళ్లు, ఇల్లు మార్చే ప్యాకర్లు ఈ కోవలోకి వస్తారు. మరోవైపు 18 రివ్యూలతో 4.9 ఉన్న నిజాయితీ గల షాపు మీద ఎవరో పగబట్టి రెండు సింగిల్ స్టార్లు వేస్తే అది 4.5కి పడిపోతుంది. చిన్నవాడికి ఎటు చూసినా ప్రమాదమే. 18 రివ్యూలతో 4.9 ఉన్నదీ, 2600 రివ్యూలతో 4.3 ఉన్నదీ కనిపిస్తే రెండోదాని మీద భరోసా పెట్టుకోవడమే లెక్క ప్రకారం సబబు.

రాతలోనే దొరికేవి

చదవగానే దొంగదో కాదో చెప్పేస్తామనే ధీమా మనలో చాలామందికి ఉంటుంది. ఆ ధీమాకు ఆధారం లేదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో షికాగో నగరంలోని 20 హోటళ్ల మీద 400 నిజమైన రివ్యూలు, డబ్బిచ్చి రాయించిన 400 దొంగ రివ్యూలు కలిపి పరీక్షించారు. చదివిన మనుషులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినంత మాత్రమే చెప్పగలిగారు. కంప్యూటరు ప్రోగ్రాము మాత్రం నూటికి దాదాపు 90 పట్టేసింది. అది పట్టుకున్న తేడాలో ఒక ముక్క మనకూ పనికొస్తుంది. దొంగ రాతల్లో ఎవరితో వెళ్లాం, ఎందుకు వెళ్లాం అన్న కథ ఎక్కువ. నిజమైన వాటిలో బాత్రూము, గది, ధర, చోటు లాంటి వస్తువుల సంగతులు ఎక్కువ. వెళ్లనివాడికి బాత్రూము ఎటువైపు ఉందో తెలియదు కదా.

ఇలాంటి రెండు రాతలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మొదటిది: "విజయవాడలోని అత్యుత్తమ దంత వైద్యశాల. రూట్ కెనాల్ చికిత్స నొప్పి లేకుండా చేయబడింది. సిబ్బంది ఎంతో స్నేహపూర్వకంగా ఉన్నారు. సరసమైన ధరలు. తప్పకుండా సిఫార్సు చేస్తాను." రెండోది: "లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు. అమ్మ మెట్లు ఎక్కలేక ఇబ్బంది పడింది. ఆరింటికి రమ్మని ఎనిమిదింటికి చూశారు. పన్ను పీకాలేమో అని భయపడ్డాం, అక్కర్లేదని మందులిచ్చి పంపేశారు. బండి పెట్టడానికి చోటు లేదు." మొదటిది ఏ ఊరి ఏ క్లినిక్కుకైనా అతుకుతుంది. సూర్యారావుపేటలో ఉండే మనిషి పక్కింటావిడకి చెప్పేటప్పుడు "విజయవాడలోని" అనడు. ఆ మాట వెతుకులాటలో పైకి రావాలన్న ఆశతో పెట్టింది. రెండోదానిలో పొగడ్త, తిట్టు కలిసే ఉన్నాయి. డబ్బు వచ్చే పనిని ఆ డాక్టరు వద్దన్నాడన్న ముక్క అన్నిటికన్నా విలువైనది. సొంత లాభానికి ఎదురెళ్లిన ప్రవర్తన గురించి చెప్పే రివ్యూ ఎక్కడ కనిపించినా ఆగి చదవాలి.

2022 చివర్లో మాటలు రాసిపెట్టే ఏఐ అందరి చేతికీ వచ్చాక, తప్పుల్లేకుండా రాయడం ఎవరికైనా సాధ్యమే. తెలుగులోనూ వస్తున్నాయి. "సేవలు అందించబడ్డాయి", "ఆహ్లాదకరమైన వాతావరణం కలిగి ఉంది" అనే రాతలు కనిపిస్తే కాస్త ఆగాలి. మనవాళ్లు రివ్యూల్లో అలా రాయరు. "ఏసీ ఉంది గానీ వెయ్యరు" అని రాస్తారు. అలాగని "సూపర్", "నైస్", "చాలా బాగుంది" అనే ఒక్క ముక్క రాతలన్నీ దొంగవనుకోకూడదు. పెద్దవాళ్లు అంతకన్నా టైపు చెయ్యలేరు. వాటిలో మోసం లేదు, సమాచారమూ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవాటిని యంత్రం తిరగరాసి చూపించినప్పుడు మాత్రం అసలు రాత తెరిచి చదవాలి. అనువాదంలో వెటకారం కూడా పొగడ్తగా మారిపోతుంది.

చదవాల్సిన వరస కూడా మార్చుకోవాలి. పైన కనిపించేవి వదిలేసి "కొత్తవి ముందు" అని పెట్టుకుని ఆర్నెల్ల రాతలు చదవాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు స్టార్లవి. డబ్బిచ్చి రాయించేవాళ్లు మూడు స్టార్లు రాయించరు, పగబట్టినవాళ్లు మూడు స్టార్లతో ఆగరు. మధ్యలో ఉన్న ఆ కొద్ది రాతల్లోనే ఊరి మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఫొటోల్లో ఓనరు పెట్టినవి పక్కన పెట్టి కస్టమర్లు పెట్టినవి చూడాలి. మెనూ కార్డు ఫొటో, బిల్లు ఫొటో, గది గోడ మీద చెమ్మ ఫొటో పది వాక్యాల పెట్టు.

కస్టమర్‌కి తెలియని సంగతులు

ఇక అసలు సమస్య. రివ్యూ నిజమైనదే, రాసినవాడు నిజాయితీపరుడే. అయినా అతని మాట పనికిరాని చోట్లు ఉన్నాయి.

ఆర్థికవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో సరుకులను రెండు రకాలుగా విడదీశాడు. కొనకముందే చూసి తెలుసుకోగలిగేవి, వాడాక తెలిసేవి. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఇద్దరు మూడో రకం చేర్చారు. వాడాక కూడా తెలియనివి. చీర రంగు మొదటి రకం. మెస్సులో పప్పు రెండో రకం, ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. మరి రూట్ కెనాల్ నిజంగా అవసరమా? ఆపరేషన్ చెయ్యకపోయినా తగ్గేదా? ఆ స్కానింగ్ ఎందుకు రాశారు? కారు క్లచ్ ప్లేటు నిజంగా అరిగిందా, ఇంకో పదివేల కిలోమీటర్లు వచ్చేదా? ఇవి మూడో రకం. చేయించుకున్నవాడికి చేయించుకున్న తర్వాత కూడా తెలియవు. నొప్పి తగ్గింది, బండి కదిలింది, అంతే. అయిదు స్టార్లు పడతాయి. అవసరం లేని పని చక్కగా, నవ్వుతూ చేసి పంపినా అయిదు స్టార్లే పడతాయి. ఈ ఒక్క సంగతి గుండెల్లో పెట్టుకుంటే రివ్యూలతో సగం మోసపోవడం తప్పుతుంది.

కాబట్టి ఆస్పత్రి రివ్యూల్లో కస్టమర్ చూడగలిగినవాటినే నమ్మాలి. ఎంతసేపు కూర్చోబెట్టారు, డాక్టరు మాట వింటాడా, బిల్లులో ముందు చెప్పని ఖర్చులు కలిశాయా, రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఉంటాడా, ఇన్సూరెన్స్ కాగితాల దగ్గర తిప్పారా. వీటికి పేషెంట్లను మించిన సాక్షులు లేరు. "దేవుడి లాంటి డాక్టర్", "వేస్ట్ డాక్టర్" రెండూ వైద్యం సంగతి చెప్పవు. ఆ సంగతికి డాక్టరు చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆస్పత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందా లేదా చూడాలి. పెద్ద ఆపరేషన్ అయితే సంబంధం లేని రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. ఆ రెండో ఓపీకి పెట్టే కొద్ది వందలు రెండు వేల రివ్యూలకన్నా ఎక్కువ చెబుతాయి.

బంగారం షాపులో మర్యాద, కూల్‌డ్రింకు, ఏసీ గురించి రివ్యూలు బోలెడు. బంగారం స్వచ్ఛత కస్టమర్ కంటికి కనిపించదు. దానికి హాల్‌మార్క్ ఉంది. నగ మీద ఆరు అక్షరాలు, అంకెలతో ఉండే హెచ్‌యూఐడీ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే దాని వివరాలు వస్తాయి. తరుగు, మజూరీ ఎంత పట్టారన్న సంగతికి మాత్రం రివ్యూలే మంచి ఆధారం. ఆటోనగర్ షెడ్డుల దగ్గర "గుడ్ సర్వీస్" అన్న మాట కన్నా "తీసేసిన పాత పార్టు చేతికిచ్చి చూపించారు" అన్న ఒక్క వాక్యం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. కనిపించని పనిని కంటికి చూపించిన షెడ్డు అది.

ప్లాట్ల వ్యాపారంలో రివ్యూలకు విలువ దాదాపు సున్నా. అమరావతి చుట్టూ, గుంటూరు బైపాస్ పక్కన వెంచర్ల కింద కనిపించే అయిదు స్టార్లు సైటు చూడటానికి కారు పంపినందుకో, భోజనం పెట్టినందుకో పడ్డవి కావచ్చు. రిజిస్ట్రేషన్ అయి, ఇల్లు కట్టుకుని, పదేళ్లు గడిచినవాళ్ల మాట అందులో దొరకదు. రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే ఏపీ రెరా సైటులో ప్రాజెక్టు నంబరు, లేఅవుట్ అనుమతి, స్థలం మీద పాత లావాదేవీలు చూపించే ఈసీ, ఇవే చూడాలి. వాటికి ఏ స్టారూ బదులు కాదు.

ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్ల విషయం అమ్మానాన్నలకు పెద్ద టెన్షన్. అక్కడ ఒక స్టార్ వేసినవాళ్లలో హోంవర్క్ మీద కోపం ఉన్న పిల్లలు ఉంటారు, అయిదు వేసినవాళ్లలో స్టాఫ్ ఉంటారు. రెండూ దాటుకుని, వేర్వేరు నెలల్లో వేర్వేరు పేర్లతో ఒకే చిన్న సంగతి మళ్లీ మళ్లీ వస్తోందేమో చూడాలి. హాస్టల్లో నీళ్లు రావడం లేదు, జ్వరం వచ్చినా ఇంటికి ఫోన్ చెయ్యనివ్వలేదు, మధ్యలో మానేస్తే ఫీజు తిరిగివ్వలేదు. ఇలాంటి మాట మూడు చోట్ల కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, పిల్లాడి ప్రాణానికి సంబంధించిన విషయం అది. ర్యాంకుల ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వాళ్ల ఫొటో, మాటలు ప్రచారానికి వాడకూడదు.

ఏ యాప్, ఏ రోజు

కొన్నవాళ్లే రాసే చోటికీ, ఎవరైనా రాసే చోటికీ తేడా ఉంది. దినా మేజ్లిన్, యానివ్ డోవర్, జుడిత్ షెవలియే 2014లో అచ్చు వేసిన పరిశోధనలో ఎక్స్‌పీడియా, ట్రిప్‌అడ్వైజర్ అనే రెండు సైట్లలో హోటళ్ల రివ్యూలను పోల్చారు. మొదటిదానిలో గది బుక్ చేసుకున్నవాళ్లే రాయగలరు, రెండోదానిలో ఎవరైనా రాయొచ్చు. పక్కనే పోటీ హోటల్ ఉన్న హోటళ్లకు రెండోచోట తిట్లు ఎక్కువ వచ్చాయి. లండన్‌లో ఊబా బట్లర్ అనే కుర్రాడు 2017లో తన పెరటి షెడ్డుకు రెస్టారెంటు పేరు పెట్టి, స్నేహితుల చేత రివ్యూలు రాయించి ట్రిప్‌అడ్వైజర్‌లో లండన్ మొత్తానికి మొదటి స్థానంలోకి తెచ్చాడు. అక్కడ వంట అన్నదే లేదు.

ఆ లెక్కన రెడ్‌బస్‌లో ప్రయాణించినవాళ్ల రేటింగుకు, స్విగ్గీ, జొమాటోలో ఆర్డరు మీద వచ్చే రేటింగుకు కొంత ఎక్కువ బరువు ఇవ్వొచ్చు. కానీ పార్సిల్ రేటింగులో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకున్న డెలివరీ కుర్రాడి ఆలస్యం కూడా కలిసిపోతుంది. పార్సిల్‌లో పేరున్న బిరియానీ హోటల్లో కూర్చుని తింటే వేరేలా ఉండొచ్చు, దానికి తిరగేసి కూడా ఉండొచ్చు.

తేదీ చూడకుండా చదివే రివ్యూ సగం రివ్యూ. మెస్సు చేతులు మారుతుంది, వంటమాస్టరు మానేస్తాడు, పాత రివ్యూలు మాత్రం అదే పేరు కింద ఉండిపోతాయి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చినవాళ్లు లాడ్జీల మీద రాసే "రేటు డబుల్ చేశారు, వేడినీళ్లు లేవు" అన్నది ఆ పది రోజుల సంగతి. కార్తీకం అయ్యాక వెళ్లేవాళ్లకు అది అంతగా వర్తించదు. మరి 2028లో కృష్ణా పుష్కరాలకు వచ్చేవాళ్లు అలాంటి పండగ రోజుల రాతలే వెతుక్కుని చదవాలి. అలాగే సింగ్‌నగర్ వైపు అద్దెకు అపార్టుమెంటు చూసేవాళ్లకు 2024 సెప్టెంబరుకు ముందు రివ్యూలు చాలవు. బుడమేరు వాగు వరద ముంచాక లిఫ్టు, జనరేటరు, కింది అంతస్తు గోడలు ఎలా ఉన్నాయో ఆ తర్వాత రాసినవాళ్లే చెప్పగలరు.

తిట్లు కూడా కొంటారు

దొంగ పొగడ్తల గురించి అందరూ మాట్లాడతారు గానీ, దొంగ తిట్లతో దెబ్బతినేది ఎక్కువగా చిన్నవాళ్లు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా చేసిన పరిశోధనలో అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్లకు యెల్ప్ అనే రివ్యూల సైటులో ఒక స్టార్ పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. చెయిన్ రెస్టారెంట్లకు ఆ ప్రభావం లేదు, సొంతంగా నడుపుకునేవాళ్లకే ఉంది. పేరున్న బ్రాండుకు బోర్డే చాలు. పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి కలుపుకునే టిఫిన్ సెంటరుకు ఆ స్టారే బోర్డు. దాని మీద ఎవరో కక్షతో వరసగా ఒకేసి స్టార్లు వేస్తే ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషికి తెలియదు. గూగుల్‌లో వ్యాపారుల ప్రొఫైల్ నుంచి రివ్యూను రిపోర్టు చెయ్యొచ్చు, తీసెయ్యకపోతే అప్పీలు కూడా పెట్టుకోవచ్చు. డబ్బిస్తే తీసేస్తాం అని బెదిరిస్తే ఆ మెసేజ్‌లు దాచుకుని పోలీసులకు ఇవ్వాలి. ఒక వీడియో వైరల్ అయ్యాక ఎక్కడెక్కడివాళ్లో వచ్చి తిట్టిన వారం కనిపిస్తే, చదివేవాళ్లు ఆ వారాన్ని పక్కన పెట్టి దాని ముందువి చదవాలి.

ఓనరు ఇచ్చే జవాబు చాలా చెబుతుంది. అన్ని తిట్లకూ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒకటే అతికించేవాడు వేరు. "ఆ రోజు గ్రైండరు పాడైంది, చట్నీ బయట నుంచి తెప్పించాం, మీరన్నది నిజమే" అని రాసేవాడు వేరు. ఫిర్యాదు చేసినవాడి మీద పరువునష్టం దావా వేస్తామని బెదిరించే జవాబు కనిపిస్తే ఆ గుమ్మం ఎక్కకపోవడమే మంచిది.

చట్టం వైపు నుంచి కొంత జరిగింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు కస్టమర్ వేషం వేసి రివ్యూ రాయకూడదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడాలని, రివ్యూలు కొనకూడదని అందులో ఉంది. కానీ అది ఇష్టమైతే పాటించేదిగానే వచ్చింది. అమెరికా 2024 అక్టోబరు నుంచి, బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి దొంగ రివ్యూలను నేరుగా నిషేధించాయి. ఇక్కడ కూడా ఆ ప్రమాణాన్ని తప్పనిసరి చెయ్యడం ఆలస్యమయ్యేకొద్దీ నష్టపోయేది నిజాయితీగా నడుపుకునే వ్యాపారులే. రివ్యూలు నమ్మి మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తామున్న ఊరే చాలు, వ్యాపారి ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు.

30 దొంగ రివ్యూలు ఒక క్లినిక్కును పైకి లేపగలుగుతున్నాయంటే, అక్కడికి వెళ్లివచ్చిన వందల మంది ఏమీ రాయకపోవడమే కారణం. రాసేటప్పుడు ఏ నెలలో వెళ్లారు, ఏ పనికి వెళ్లారు, ఎంత అయింది, ఏది బాగుంది, ఏది బాగా లేదు, చెబితే సరిచేశారా అన్నవి తెలుగులోనే నాలుగు ముక్కల్లో రాస్తే చాలు. కౌంటరు దగ్గర నిలబడి కాకుండా ఇంటికి వచ్చి, తీరిగ్గా రాయాలి. మొహమాటానికి పెట్టిన అయిదు స్టార్లను తర్వాత మార్చుకోవచ్చు, కోపంలో వేసిన ఒక స్టారును కూడా మార్చుకోవచ్చు. మీ రివ్యూ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే సవరించే వీలు ఉంటుంది. ఆ షాపువాడు తప్పు దిద్దుకుని డబ్బు వెనక్కిచ్చాడంటే, ఆ సంగతి కూడా పాత రివ్యూ కిందే చేర్చి స్టార్లు పెంచడం అతనికి రావాల్సిన న్యాయం.